తెర అవతలి ముఖం

"మీరే చంపారు."

గదిలో అడుగు పెట్టగానే నేనన్న మాట అది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరూ, మీ తెల్లకోట్లూ, గోడ మీద వేలాడదీసుకున్న ఈ పతకాలూ అన్నీ కలిసి బట్టలు కుట్టుకుని బతికే ఆడమనిషిని చంపేశాయి. ఎలా చంపారో నాకింకా తెలియదు. చంపారని మాత్రం తెలుసు."

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కీళ్లవాతానికి కొత్త మాత్ర తయారుచేసి రోగుల మీద పరీక్షించే ఈ భవనంలో ఆయనదే రాజ్యం. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క మాత్ర కోసమే బతుకుతున్నానని పత్రికలవాళ్లకి చెప్పుకున్న మనిషి.

"మీరెవరు?"

"ప్రైవేటు డిటెక్టివ్‌ని. జనం ముల్లు అంటారు. గుచ్చుకుంటే ఊడి రానని."

నా పక్కన కూర్చున్నది చనిపోయిన దర్జీ చెల్లెలు. నన్ను పెట్టుకున్నది ఆమే, చుట్టరికం లేకపోయినా వదినా అంటుంది. అక్కాచెల్లెళ్లు ఒకే కొట్లో రెండు మిషన్ల మీద కుట్టేవాళ్లు. ఇద్దరికీ ఒకటే జబ్బు. ఒళ్లు తన కీళ్లనే శత్రువులనుకుని కొరుక్కు తినే రోగం. పొద్దున్నే లేస్తే వేళ్లు ముడుచుకోవు, మణికట్లు ఉబ్బిపోతాయి, కత్తెర సంగతి దేవుడెరుగు, సొంత బొత్తాం పెట్టుకోవడానికే ఎవరినో పిలవాలి. అక్క ముందు ఈ ప్రయోగంలో చేరింది. ఆమెకి బాగవడం చూసి చెల్లెలూ చేరింది. అక్క ఏడాది గడువు పూర్తి చేసి, ఇక్కడ అందరిచేతా చప్పట్లు కొట్టించుకుని ఇంటికెళ్లింది. కొన్నాళ్లకి పన్ను పీకించుకుంది. జ్వరం వచ్చింది. వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

"పంటి నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉంటుంది," అన్నాడు పెద్ద డాక్టరు. "విచారకరమే. కానీ అప్పటికి ఆవిడ మా ప్రయోగంలో లేదు."

"అదేనండీ నన్ను తొలుస్తున్నది. మీ దగ్గరున్నన్నాళ్లూ గుండ్రాయిలా తిరిగింది. మీ గడప దాటాకే పోయింది."

"మా అక్క పంటినొప్పికి పోయే మనిషి కాదండీ," అంది చెల్లెలు. గొంతు పీలగా ఉంది. "కాన్పయిన వారానికే మిషన్ తొక్కింది. డాక్టరమ్మ తిడితే, బిడ్డకి చొక్కా నువ్వు కుడతావా అని అడిగింది."

ఆ మాట చెప్పి నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్నటి నుంచి ఆమెకీ జ్వరం. ఏం తిన్నా కడుపులో ఇమడడం లేదు. వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ మాత్ర చేతిలో పెట్టి పంపేశారు. అక్కకి కూడా సరిగ్గా ఇలాగే మొదలైందని ఆమె చెప్పిన మరుక్షణం రిక్షా ఎక్కించి ఇక్కడికి లాక్కొచ్చాను. అక్క ఎలా పోయిందో ఇవాళ తేల్చకపోతే చెల్లెలు దక్కదు. నా భయం అదే.

వెనక తలుపు తెరుచుకుంది. మడత నలగని చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్. వర్షంలో నిలబెట్టినా ఆ మనిషి తడవడని స్టేషన్లో చెప్పుకుంటారు.

"ముల్లక్కా! మళ్లీ నా కేసులో వేలు పెట్టావా?"

"నీ కేసేమిటి బాబూ, వేలంలో పాడుకున్నావా?"

"హంతకుడు లోపలున్నాడు. మైనం గది కాంపౌండరు. ఇదిగో, ఈ అమ్మాయే కంప్లయింటు ఇచ్చింది. ఇంకేం తవ్వుతావు?"

కంప్లయింటు ఇచ్చిన మాట నిజమే. ఇక్కడ మైనం గది అని ఒకటుంది. కరిగించిన వేడి మైనంలో చేతులు ముంచితే కీళ్లకి హాయిగా ఉంటుంది. నెలనెలా వాచిన కీళ్లు లెక్కపెట్టే రోజుకి ముందు కొందరు రోగులని ఆ గదికి పిలిచేవారు. మైనం పెట్టాక కాంపౌండరు జబ్బకి ఒక సూది పొడిచేవాడు. బలం సూది అనేవాడు. అక్క పోయాక చెల్లెలు ఆ సంగతి పోలీసులకి చెప్పింది. ఇన్‌స్పెక్టర్ శవం జబ్బ మీది మచ్చలు చూశాడు, విషం సూది అని తేల్చేశాడు, కాంపౌండర్ని జైల్లో పడేశాడు. నెల దాటింది.

"పోస్టుమార్టంలో విషం దొరికిందా?" అన్నాను.

"దొరుకుతుంది."

"ఇన్నాళ్లయింది. నడిచి వస్తోందా?"

"లేబరేటరీలో పని ఎక్కువుంది!"

"ఆ మచ్చలు దగ్గరగా చూశావా? సూది పోటు రెండు రోజుల్లో మానిపోతుంది. ఆ మచ్చలు బొత్తాం అంతేసి ఉన్నాయి, తెల్లగా పాలిపోయి. తోలు కింద ఉండాల్సింది కరిగిపోయి లోపలికి దిగాయి. ఒక్క రోజులో పడే గుంటలు కావవి. విషం పెట్టేవాడు ఏడాది పొడుగునా పెడతాడా, జీతానికి చేసినట్టు?"

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఆ కాంపౌండరు చేసిన పనికీ మా సంస్థకీ సంబంధం లేదు. ఏదో బలానికి విటమిన్ ఇచ్చుంటాడు."

"విటమిన్ సూది ఏ రంగులో ఉంటుంది డాక్టరు గారూ? నాకు నరాల బలహీనతకి వేశారు. మందారం రంగులో ఉంది." చెల్లెలి వైపు తిరిగాను. "నీకు వేసింది ఏ రంగమ్మా?"

"తెలుపు వదినా. పల్చటి పాలలాగా. సీసాని గడగడా ఊపి తీసేవాడు. ఊపకపోతే అడుగున సున్నంలా పేరుకుపోయేది."

పెద్ద డాక్టరు తుడిచిన కళ్లజోడే మళ్లీ తుడిచాడు.

"ఇవాళ ఈమెకి లెక్క రోజు," అన్నాను లేస్తూ. "ఆ లెక్క గది నేనూ చూడాలి."

"బయటివాళ్లకి అనుమతి లేదు."

"ఈ ఇన్‌స్పెక్టర్‌కి ఉందిగా? అతని వెనకాల వస్తాను. నాకేం నామోషీ లేదు."

*

లెక్క గదిని మధ్యలో మందపాటి తెర రెండు ముక్కలు చేసింది. తెరకి రెండు కంతలు, వాటికి చొక్కా చేతుల్లా గుడ్డ కుట్టి ఉంది. రోగి ఇవతల కూర్చుని మోచేతుల దాకా కంతల్లో పెట్టాలి. అవతల ఒక చిన్న డాక్టరమ్మ కూర్చుని ఒక్కో కీలునీ బొటనవేలితో నొక్కి, ఎన్ని వాచాయో ఎన్ని నొప్పిగా ఉన్నాయో లెక్కపెడుతుంది. మాత్ర పనిచేసిందా లేదా అన్నది ఆ లెక్కే తేలుస్తుంది. ముఖం చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే లెక్క తప్పుతుంది అని పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతట. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు కూడా.

చెల్లెలు చేతులు తెరలో పెట్టింది. నేను తెర పక్కగా అవతలికి వెళ్లి నిలబడ్డాను.

చిన్న డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "మీరు ఇటు రాకూడదండీ."

"నేను పేషెంటుని కాదు, నాతో మాట్లాడినా పాపం తగలదు. లెక్క కానివ్వు తల్లీ."

ఆ పిల్ల ఒక్కో వేలూ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ తెర వెనక నుంచి సన్నటి మూలుగు. చివరికి చేతులు వదిలేసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఎన్ని?"

"పద్నాలుగు. రెండు నెలల కిందట మూడే ఉండేవి."

"ఈమె ఒక్కదానికేనా?"

"కాదండీ. బాగైన వాళ్లందరికీ మళ్లీ పొంగాయి. అందరికీ ఒక్కసారే. సార్‌ని అడిగితే చలికాలం కదా అన్నారు."

"మాత్ర మారిందా?"

"లేదు. అదే మాత్ర, అదే మోతాదు."

"మరి మారిందేమిటి?"

"మైనం గది మూసేశారు," అంది మెల్లగా. "కానీ మైనానికి అంత ఉండదండీ. గంటసేపు హాయి, అంతే."

"ఆ గదికి అందర్నీ పిలిచేవారా?"

"లేదు, సగం మందినే."

"ఏ సగం?"

"సార్ చెప్పిన వాళ్లని."

గుమ్మంలో నిలబడ్డ పెద్ద డాక్టరు వినాలనే గట్టిగా అన్నాను. "ఇక్కడ సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర ఇస్తారని విన్నాను. ఎవరిది ఏదో రోగికి తెలియదు, నీకు తెలియదు, కాంపౌండరుకి తెలియదు. తెలిసింది ఒక్కరికే. అసలు మాత్ర మింగేవాళ్లెవరో మైనం గదికి ఎవరు చెప్పారు?"

"ఏం మాట్లాడుతోంది ఈవిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాస్త ఓపిక పట్టు, నీకూ అర్థమవుతుంది," అని తెర అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఉంగరాలు కమ్మీ మీద జరజరా జారాయి.

ఇన్ని నెలలుగా ఆ చేతుల్ని పిసికి లెక్కపెట్టిన పిల్ల, ఆ చేతుల మనిషిని మొదటిసారి చూసింది. చూస్తూనే నోరు తెరిచేసింది.

"మీ ముఖం... ఎప్పుడూ ఇంత గుండ్రంగానే ఉంటుందా?"

"లేదండీ, మాత్ర మొదలెట్టాకే ఒళ్లు చేశాను," అంది చెల్లెలు సిగ్గుపడుతూ. "మా అక్కకీ అంతే. ఒకళ్లనొకళ్లం చూసి నవ్వుకునేవాళ్లం, ఇద్దరికీ అద్దంలో చందమామే కనబడుతోందని."

చిన్న డాక్టరమ్మ ఆమె మెడ వెనక తడిమింది. అక్కడ కొవ్వు గడ్డలా పేరుకుని ఉంది. జాకెట్టు చెయ్యి భుజం దాకా ఎత్తింది. జబ్బ మీద తెల్లగా, లోతుగా, బొత్తాలంతేసి గుంటలు.

"స్టెరాయిడ్," అంది. ఆ మాట గోడకి చెప్పినట్టు చెప్పింది. "పాలలాంటి మందు అదే. కీళ్ల వాపుని చేత్తో తీసేసినట్టు తీసేస్తుంది. ఈ ప్రయోగంలో అది నిషేధం. అది ఒంట్లో పడ్డాక మాత్ర పనిచేసిందో లేదో చెప్పలేం."

"చెప్పొచ్చు. మాత్ర పనిచేయలేదు. సూది పనిచేసింది."

"నేను... నేనే కదండీ లెక్కపెట్టింది. తగ్గింది, తగ్గింది అని నేనే చెబుతూ వచ్చాను."

"ఏడవడానికి తర్వాత చాలా టైముంది. ఆ సూది హఠాత్తుగా ఆపేస్తే ఏమవుతుందో చెప్పు."

"అలాంటి రసం మన ఒంట్లోనే తయారవుతుంది, కిడ్నీల మీదుండే గ్రంథుల్లో. బయటి నుంచి నెలల తరబడి పోస్తే ఆ గ్రంథులు పని మానేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే అవి వెంటనే లేవవు. అప్పుడు జ్వరం వచ్చినా, పన్ను పీకినా ఒళ్లు తట్టుకోలేదు. వాంతులు, నీరసం, బీపీ పడిపోయి..."

అక్కడ ఆగిపోయింది. చెల్లెలి మొహం చూసింది. నేనూ చూశాను. పెదాలు పాలిపోయి, నుదురంతా చెమట.

ఇన్‌స్పెక్టర్‌కి కూడా విషయం ఎక్కింది. మెడ మీది కాలరు సర్దుకున్నాడు. "అంటే అక్కకి..."

"అక్కకి గడువు తీరింది కాబట్టి సూది ఆగింది. మిగతావాళ్లకి నువ్వు ఆపావు. సూది వేసేవాణ్ణి పట్టుకున్నావు, ఎందుకు వేశాడో అడగలేదు."

"అడిగాను! పెద్దాయన చెయ్యమన్నదే చేశానని ఏడ్చాడు. దొంగలందరూ అదే మాట అంటారు."

"నా కంప్లయింటు వల్లేనా వదినా?" అంది చెల్లెలు. "అందరికీ ఆగిపోయింది నా వల్లేనా?"

కాదు అనడానికి నోరు తెరిచాను. ఆ లోపలే ఆమె కుర్చీలోంచి పక్కకి ఒరిగింది. నా చేతులకి తడిగుడ్డ మూటలా తగిలింది.

*

నేల మీద పడుకోబెట్టి కాళ్ల కింద కుర్చీ పెట్టాం. చిన్న డాక్టరమ్మ బీపీ మిషన్ కట్టింది. మిషన్ ముల్లు కిందికి జారుతూనే ఉంది.

"గ్యాస్ట్రిక్ అయి ఉంటుంది," అన్నాడు పెద్ద డాక్టరు గుమ్మంలోంచి. లోపలికి అడుగు వేయలేదు. "సెలైన్ పెట్టి పెద్దాసుపత్రికి పంపండి."

"వీళ్ల అక్క దారిలోనే పోయింది సార్!"

"అత్యవసరం పెట్టె ఉండాలిగా ఇక్కడ?" అన్నాను.

"ఉంది. అందులో వెంటనే పనిచేసే స్టెరాయిడ్ ఇంజక్షను కూడా ఉంది. కానీ పోలీసులు భవనంలో సూదిమందులన్నీ ఎత్తుకెళ్లి మైనం గదిలో పెట్టి సీలు వేశారు."

ఇన్‌స్పెక్టర్ వైపు చూశాను. అతను నేల చూపులు చూశాడు.

"కోర్టు అనుమతి లేకుండా సీలు తియ్యకూడదు ముల్లక్కా. సాక్ష్యం పాడవుతుంది. ఇప్పుడే ఫోన్ చేస్తాను, ఒక్క పది నిమిషాలు..."

"పది నిమిషాలకి నీకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. నేల మీద."

మైనం గది పక్కనే. ఇనప స్టూలు ఎత్తి తాళం మీద మొదటి దెబ్బ వేశాను. రెండో దెబ్బకి అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"అరెస్టు చెయ్యాల్సి వస్తుంది!"

"చెయ్యి. నన్నే తీసుకుపో, భోజనం పెట్టక్కర్లేదు. ముందు చెయ్యి వదులు."

ఏమనుకున్నాడో వదిలేశాడు. ఆ తర్వాత అతనే తన బూటు కాలితో తలుపు తన్నాడు. గొళ్లెం ఊడింది. ఆ బూటు మెరుపు అక్కడితో సరి.

లోపల తొట్టిలో మైనం గడ్డకట్టి ఉంది. బీరువా నిండా పాలరంగు సీసాలు, కింద అరలో అత్యవసరం పెట్టె. పెట్టె తెచ్చి చిన్న డాక్టరమ్మ ముందు పెట్టాను. సీసా తీసింది, సిరంజి విప్పింది. ఆగింది.

"ఏమైంది?"

"నేను ముఖం చూసి అనుకున్నాను. రుజువు లేదు. ఇది పంటి ఇన్ఫెక్షన్ లాంటిదే అయి, స్టెరాయిడ్ నేను అనుకున్నంత కాలం పడి ఉండకపోతే, ఇన్ఫెక్షన్‌ని పెంచే ఈ మందిచ్చి నేనే చంపినట్టవుతుందేమో. సార్, ఒక్కమాట. అవునో కాదో చెప్పండి. దండం పెడతాను."

పెద్ద డాక్టరు ఇన్‌స్పెక్టర్ వంక చూశాడు. తర్వాత నేల మీది మనిషి వంక. అవును అంటే ఇరవై ఏళ్ల బతుకు ఆ గదిలోనే కూలిపోతుంది. అనకపోతే ఇంకో శవం, ఇంకో విచారకరం. ఆ లెక్క ఆయన బుర్రలో నడుస్తుంటే నిలబడి చూశాను. ఒక మనిషి ప్రాణం పోతుంటే అంత నిదానంగా ఆలోచించేవాడిని నా సర్వీసులో చూడలేదు.

"నీళ్లు నమలకు. చెప్పు!" అని అరిచాను.

"నెలనెలా," అన్నాడు. "పెద్ద మోతాదే. వెంటనే ఇచ్చెయ్యి. వంద మిల్లీగ్రాములు. నరంలోకి."

సూది దిగింది. దాని వెనకే సెలైన్ ఎక్కింది.

"మాత్ర పని అందుకోవడానికి కొంత టైం పడుతుందనుకున్నాను," ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయాడు. "ఈలోగా రోగులు విసిగి వెళ్లిపోతారని... ఒక ఆసరాగా మొదలుపెట్టాను. ప్రతి నెలా ఇదే ఆఖరు అనుకునేవాణ్ణి."

అందరి కళ్లూ బీపీ మిషన్ మీదే ఉన్నాయి. ముల్లు కదలలేదు. చిన్న డాక్టరమ్మ నాడి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. "అందీ అందనట్టుంది," అంది. అంబులెన్సు బయల్దేరిందట. ఇన్‌స్పెక్టర్ బేడీలు తీసి, ఎవరికి వెయ్యాలో తేలక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెంతమందికి ఆగింది?" అన్నాను.

"ఇప్పుడున్నవాళ్లు నలభై దాకా," అంది చిన్న డాక్టరమ్మ. "గడువు తీరి వెళ్లిపోయినవాళ్లు వేరే."

"వాళ్లెలా ఉన్నారు?"

ఆ పిల్ల మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఈమె అక్క ఇంకా ఇక్కడికి వస్తుండగానే ఇద్దరు చనిపోయారండీ. ఒకావిడ గుండెపోటు అన్నారు. ఇంకొకాయన జ్వరం. ముందే జబ్బు మనుషులు కదా అని నేను... సార్‌కి చెప్పాను. చెప్పాను కదా సార్? రెండు సార్లూ చెప్పాను."

పెద్ద డాక్టరు తల ఊపాడు.

"ఎందుకు పోతున్నారో అర్థమయిందా అప్పుడు?" అన్నాను.

"మొదటి ఆవిడ పోయినప్పుడే."

అంటే దర్జీ ఇంకా బతికే ఉండగా తెలుసు. ఆమెకి గడువు తీరి, చప్పట్లు కొట్టి సాగనంపిన రోజున ఈయనకి తెలుసు. కాంపౌండరుని తీసుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూసినప్పుడు, నలభై మందికి ఏం జరగబోతోందో తెలుసు. తెలిసి నెలంతా చలికాలం అని చెప్పాడు.

కొట్టడానికి చెయ్యి లేచింది. కొట్టలేదు. ఆ చెయ్యి ఫోన్ పట్టుకోవాలి. ఆయన్ని కుర్చీలో కూలేసి, పక్క బల్ల మీది ఫోన్ తీగ అందినంతా లాగి ఆయన ఒళ్లో పడేశాను.

"ఇక నిన్ను మీరు అని పిలిచేది లేదు, విను. నలభై ఇళ్లకీ నువ్వే చెయ్యాలి. నీ గొంతుతో, నీ పేరుతో. నీ అసిస్టెంట్లు కాదు. బలం సూది అబద్ధం అని చెప్పు. అందులో స్టెరాయిడ్ ఉంది, అది ఆగిపోయింది, ఇంట్లో ఒక్క నిమిషం ఉండొద్దు, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే దానికి పరుగెత్తండి, వెళ్లగానే ఈ మాటే చెప్పండి అను. ఇన్‌స్పెక్టర్, ఎత్తనివాళ్ల ఇంటికి నీ బళ్లు పంపు. తలుపులు పగలగొట్టడం నీకూ వచ్చిందిగా. ఆ కాంపౌండర్ని జైల్లోంచి తీసుకురా, మైనం గదికి ఎవరెవరొచ్చారో ముఖాలతో సహా వాడికే తెలుసు. గడువు తీరి వెళ్లినవాళ్లని కూడా వదలకండి. బేడీలు రేపు వేసుకోవచ్చు, ఈయనకైనా నాకైనా."

పెద్ద డాక్టరు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. నేల మీద చిన్న డాక్టరమ్మ రెండో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంది.

"ఏం చూస్తావు? మొదటి నంబరు తిప్పు!"